ఫార్మాట్ కొట్టేద్దాం సార్

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే గుమ్మంలో బ్యాగు దించకముందే నాన్న అన్న మొదటి మాట "కంప్యూటర్ పోయింది రా". బస్సులో సీటు దొరికిందా, తిన్నావా, అవేం లేవు. పోయింది అంటే ఏమైంది నాన్నా అంటే, ఆన్ చేస్తే విండోస్ బొమ్మ వస్తోందట, నీలంగా ఏదో చటుక్కున మెరిసి మాయమైపోతోందట, మళ్ళీ మొదటికొస్తోందట, రెండ్రోజుల నుంచి ఇదే తంతు. టౌన్లో షాపు అబ్బాయికి ఫోన్ కూడా చేశాడు. ఆ అబ్బాయి నాడి పట్టకుండానే రోగం చెప్పేశాడు. "విండోస్ కరప్ట్ అయింది సార్, సీపీయూ తెచ్చేయండి, ఫార్మాట్ కొట్టేద్దాం, ఆరొందలు, సాయంత్రానికి ఇచ్చేస్తా." పండక్కి షాపు మూసేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను వెళ్ళేసరికి కొట్టేసి ఉండేవాడే.

ఫార్మాట్ అంటే డిస్కు ఖాళీ చేసి విండోస్ మళ్ళీ కొత్తగా ఎక్కించడం. దాన్ని మనవాళ్ళు "చెయ్యరు", గమనించారా, "కొడతారు". కొబ్బరికాయ కొట్టినట్టు, గుండు కొట్టినట్టు. ఆ మాటలోనే ఉంది మొత్తం వైద్యం. వీధి తలుపు గడియ ఇరుక్కుందని మేస్త్రీని పిలిస్తే వాడొచ్చి ఇల్లంతా పడగొట్టి కొత్తది కట్టేద్దాం సాయంత్రానికి అంటే మనం ఊరుకుంటామా? కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఊరుకుంటాం, పైగా డబ్బులిచ్చి వస్తాం. గత పదిహేనేళ్ళలో చుట్టాల ఇళ్ళల్లో, స్నేహితుల ఇళ్ళల్లో బూట్ అవ్వని, అంటే ఆన్ చేస్తే విండోస్ దాకా రాని, కంప్యూటర్లు చాలానే చూశాను. నాకు అర్థమైంది ఒక్కటే. బూట్ అవ్వకపోవడం వల్ల ఫైళ్ళు పోయినవాళ్ళు నాకు దాదాపు ఎవరూ తగల్లేదు, ఎలాగైనా వెంటనే బూట్ చేయించాలన్న తొందర వల్ల పోయినవాళ్ళే అందరూ.

ఎందుకంటే బూట్ అవ్వడానికి కావాల్సిన సామాను వేరు, మన సామాను వేరు. పాత పద్ధతి కంప్యూటర్లో పవర్ నొక్కగానే బయోస్ అని మదర్‌బోర్డులో ఉండే చిన్న ప్రోగ్రాం లేచి ర్యామ్ ఉందా కీబోర్డు ఉందా చూసుకుని, హార్డ్ డిస్క్ మొదటి సెక్టార్, అంటే మొదటి చిన్న గడి, చదువుతుంది. ఆ సెక్టార్ మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్, 64 బైట్లు డిస్కులో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఏ పార్టిషన్, అంటే డిస్కులో ఏ వాటా, ఉందో చెప్పే పట్టిక, ఆఖరి రెండు బైట్లు 55, ఏఏ అని ఒక సంతకం. ఈ పేరాలో ఇప్పటిదాకా నేను టైప్ చేసింది కూడా 512 బైట్లలో పట్టదు, తెలుగు అక్షరం ఒక్కోటి యూనికోడ్‌లో మూడేసి బైట్లు తింటుంది మరి. ఆ చిన్న ముక్క చెడితే 500 జీబీ డిస్కూ నల్ల తెర మీద బూట్ డివైస్ లేదని ఏడుస్తుంది, లోపల చెల్లి పెళ్ళి ఫోటోలు ఎక్కడివక్కడే భద్రంగా కూర్చుని ఉంటాయి. బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చిన కొత్త మెషీన్లలో ఇది ఇంకా మెరుగు, పార్టిషన్ పట్టిక రెండో కాపీ డిస్క్ చివర్లో కూడా ఉంటుంది, బూట్ ఫైళ్ళకి ఓ 100 ఎంబీ చిన్న పార్టిషన్ విడిగా ఉంటుంది, అది పాడైతే అదొక్కటే బాగుచేసుకోవచ్చు, మిగతాది ముట్టుకోనక్కర్లేదు.

ఇదంతా నాకు పుట్టుకతో రాలేదు. మా మావయ్య దగ్గర నేర్చుకున్నాను, అంటే ఆయన నష్టపోయి నాకు నేర్పాడు. 2010లో ఆయనకి డీటీపీ సెంటర్ ఉండేది, శుభలేఖలు, కర్మకాండల కార్డులు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు. విండోస్ ఎక్స్‌పీ మెషీన్, 80 జీబీ డిస్క్. ఒకరోజు పొద్దున్నే "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అని వచ్చింది. దానర్థం ఆ పేరు గల ఒక చిన్న ఫైలు కనపడట్లేదని, అంతే, ఎక్స్‌పీ సీడీలోంచి ఆ ఫైలూ దాని తోడు ఇంకోటీ మళ్ళీ సీ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే చాలాసార్లు అక్కడితో అయిపోయేది. అప్పుడు నాకూ తెలీదు, ఆయనకీ తెలీదు, షాపతనికి తెలుసో లేదో గానీ ఫార్మాట్ కొట్టేశాడు. "డీ డ్రైవ్ ముట్టుకోలేదు సార్, సేఫ్" అన్నాడు. ఈ సీ డ్రైవ్, డీ డ్రైవ్ వేదాంతం మనకి ఎవరు నేర్పారో గానీ ఊరూరా ఉంది, సీలో ఏం పెట్టకు డీలో పెట్టు అని. డెస్క్‌టాప్ అనేది సీ డ్రైవ్‌లోనే ఒక ఫోల్డర్ అని మాత్రం ఎవరూ చెప్పరు. మావయ్య పని మొత్తం డెస్క్‌టాప్ మీదే.

నేను వెళ్ళేసరికి మళ్ళీ విండోస్ ఎక్కింది, కార్డులు తయారుచేసే పేజ్‌మేకర్ ఎక్కింది, ఏవో రెండు గేమ్స్ కూడా ఎక్కాయి. క్విక్ ఫార్మాట్ కొడితే నిజానికి పాత ఫైళ్ళు చెరిగిపోవు, వాటి చిట్టా మాత్రమే కొత్తగా రాస్తారు, అసలు నష్టం ఆ తర్వాత పైన పోసే కొత్త విండోస్ వల్ల. ఫోటోరెక్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన రాసింది, అది చిట్టాతో పని లేకుండా డిస్క్ మొత్తం సెక్టార్ సెక్టార్ వెతికి ఇక్కడ జేపెగ్ మొదలైంది, ఇక్కడ వర్డ్ ఫైలు మొదలైంది అని మొదట్లో ఉండే కొన్ని బైట్ల పోలికని బట్టి పట్టుకుంటుంది. పేర్లు రావు, ఫోల్డర్లు రావు, ఎఫ్ తర్వాత ఏడెనిమిది అంకెలతో వేల ఫైళ్ళు వస్తాయి. వచ్చాయి. తెరిచి చూస్తే అన్నింటిలోనూ ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, ఒక్క ముక్క అర్థం కాదు. షాపతను చూసి "కరప్ట్ అయిపోయాయి సార్" అన్నాడు, మావయ్య ఇంకేం చేస్తాం అని మొత్తం డిలీట్ చేయించేశాడు. నెల తర్వాత అను ఫాంట్స్ అనే తెలుగు ఫాంట్ల సీడీ దొరికింది, మళ్ళీ ఇన్‌స్టాల్ చేశారు. నా పెన్‌డ్రైవ్‌లో శాంపిల్‌గా మిగిలిపోయిన ఒక ఫైలు ఉంటే ఊరికే తెరిచాను. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, కింద ఎవరిదో చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి, ముహూర్తం, విందు వేళ, ఒక్క ఒత్తు కూడా పోలేదు. పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు పెట్టి నడిపించేవి కదా, ఫాంట్ లేకపోతే ఆ గదుల నంబర్లే కనపడతాయి. ఫైళ్ళన్నీ బాగానే ఉన్నాయి. మేమే చంపుకున్నాం, రెండోసారి. మావయ్య చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "టీ చెప్పనా" అన్నాడు.

అప్పుడు కనీసం ఫోటోరెక్‌కి దొరికాయి. ఇప్పుడు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో దాచుకునే డిస్క్, ఉన్న లాప్‌టాప్‌లో అదే ఫార్మాట్ కొడితే ఆ అవకాశం కూడా లేదు, విండోస్ ఫార్మాట్ చేస్తూనే ఈ జాగా అంతా ఖాళీ అని ట్రిమ్ కమాండ్ ఇచ్చేస్తుంది, ఎస్ఎస్‌డీ తన తీరిక చూసుకుని లోపల నిజంగానే ఊడ్చేస్తుంది, ఆ తర్వాత ఎంత పెద్ద ల్యాబుకి పంపినా సున్నాలే. అందుకే ఆ "కొట్టేద్దాం" అనే మాట వింటే నాకు ఇప్పుడు 2010లో కంటే ఎక్కువ భయం.

సరే, నాన్న మెషీన్. 2010లోనే కొన్నది, విండోస్ 7, మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేసింది 2020 జనవరి 14న, అంటే ఆ ఏడు సరిగ్గా భోగి రోజు, ఆ మంటలోనే వేసెయ్యమని నేను అప్పటి నుంచి చెప్తున్నా వినడు. ఎందుకు వినడంటే అందులో ఒక ఎక్సెల్ ఫైలు ఉంది. 2006 నుంచి పొలం లెక్క, ఏడాదికో షీటు. ఏ ఏడు ఎన్నెకరాలు మిరప, ఎన్ని పత్తి, ఏ విత్తనం, మిరపకోతకి మనిషికి ఎంత కూలి, గుంటూరు యార్డులో ఏ రోజు ఏ రేటుకి ఇచ్చాడు, పక్కన కామెంట్లు, "వాన ఎండబోసిన కాయ మీద పడింది", "తామర పురుగు", "ఈసారి కౌలు మానేయాలి". ఆ మానేయాలి అనేది వరసగా మూడేళ్ళు ఉంది. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఏదైనా ఉందా నాన్నా అంటే "డెస్క్‌టాప్ మీదే ఉందిగా" అన్నాడు ధీమాగా.

కాబట్టి నేను విండోస్ జోలికి అస్సలు పోలేదు, ముందు ఫైలు బయటికి తీశాను. నా బ్యాగులో ఎప్పుడూ లైనక్స్ మింట్, అంటే విండోస్‌కి బదులు నడిచే ఉచిత సిస్టమ్, ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటుంటుంది, అది పెట్టి బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే లైనక్స్ పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది, డిస్కులో ఏమీ రాయదు, ఇన్‌స్టాల్ అన్న ఐకాన్ ముట్టుకోకుండా ఉంటే చాలు. ఫైల్ మేనేజర్ తెరిస్తే నాన్న సీ డ్రైవ్ పక్కనే కనపడింది, యూజర్స్, నాన్న పేరు, డెస్క్‌టాప్, అదిగో ఫైలు. ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పేస్ట్. విండోస్ 8, 10, 11 అయితే ఒక్కోసారి ఆ డ్రైవ్‌లో చదవడమే తప్ప రాయడం కుదరదు, అది ఫాస్ట్ స్టార్టప్ వల్ల, షట్‌డౌన్ చేసినా అది సగం నిద్రలోనే ఉంటుంది కాబట్టి. మనకి కావాల్సింది చదవడమే కదా, అది మంచిదే. ఫైళ్ళూ ఫోటోలూ మొత్తం రెండు గంటలు పట్టింది, ఈలోపు అమ్మ అరిసెలు పెట్టింది. నాన్న మాత్రం తెర మీద ఆ ఎక్సెల్ షీటు తెరిచి చూసేదాకా తినలేదు.

ఇక తొందరేం లేదు కాబట్టి అప్పుడు రోగం ఏంటో చూశాం. ఆన్ చేసి ఎఫ్8 నొక్కి, ఫెయిల్ అయితే దానంతటదే రీస్టార్ట్ అవ్వకుండా ఆపే ఆప్షన్ పెట్టాను, ఆ నీలం తెర నిలబడింది. కింద స్టాప్ కోడ్ 7బి. అంటే విండోస్ సగం లేచి తన డిస్క్ తనకే కనపడక ఆగిపోయిందని. లైనక్స్‌కి కనపడిన డిస్క్ విండోస్‌కి ఎందుకు కనపడదు? బయోస్‌లోకి వెళ్తే తారీఖు 2009 జనవరి 1 అని ఉంది. నాన్నా, ఈ మధ్య టైము తప్పు చూపించిందా? "వారం నుంచి వెనకబడుతోంది రా, నేనే సరిచేసుకుంటున్నా." కరెంటు ఎక్కువసేపు పోయిందా? "మొన్న ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రాత్రంతా లేదు." తర్వాత ఆన్ చేస్తే ఏమన్నా అడిగిందా? "ఏదో చెక్‌సమ్ అంది, ఎఫ్1 నొక్కు, ఎఫ్2 నొక్కు అంది, ఎఫ్2 నొక్కా."

అంతే కథ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళ సైజులో సీమాస్ బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులు, కరెంటు లేనప్పుడు గడియారాన్నీ సెట్టింగ్స్‌నీ అదే కాపాడుతుంది. అది చచ్చిపోయింది, సెట్టింగ్స్ మరిచిపోయింది, నాన్న ఎఫ్2 నొక్కి కంపెనీ సెట్టింగ్స్ ఒప్పుకున్నాడు, డిస్క్ మోడ్, అంటే డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ అనే కొత్త దాని నుంచి ఐడీఈ అనే పాతదానికి మారిపోయింది, ఏహెచ్‌సీఐలో ఇన్‌స్టాల్ అయిన విండోస్‌కి దారి తెలీలేదు. సైడ్ ప్యానెల్ విప్పితే లోపల బల్లి గుడ్లు రెండు, మిరపకారం రంగు దుమ్ము, ఆ కింద బ్యాటరీ. వాచీల షాపతను కనుమ రోజు కూడా తీసి ఉంచాడు, 40 రూపాయలు. వేసి, తారీఖు పెట్టి, మోడ్ మార్చి, ఎఫ్10. ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది.

ఇక్కడే అసలు విచిత్రం ఉంది, షాపు అబ్బాయి ఫార్మాట్ కొట్టినా పని చేసేదే! ఐడీఈ మోడ్‌లోనే కొత్త విండోస్ ఎక్కేది, చక్కగా బూట్ అయ్యేది, నాన్న సంతోషంగా ఆరొందలిచ్చేవాడు, "చూశారా సార్, విండోస్ కరప్టే" అని ఆ అబ్బాయి అనేవాడు, ఇద్దరూ నమ్మేవాళ్ళు. ఫార్మాట్‌కి ఇంత పేరు రావడానికి కారణం ఇదే. రోగం ఏంటో తెలుసుకోకుండానే నయం చేస్తుంది, నయమైంది కాబట్టి ఇంకెవరూ రోగం గురించి అడగరు.

అలాగని ఆ అబ్బాయిలని తిట్టడానికి నాకు నోరు రాదు. మనం వాళ్ళని అడిగేది ఏంటి? ఎంతవుతుంది, ఎప్పుడిస్తావ్. 200 జీబీ కాపీ చేసి, సరిగ్గా వచ్చిందో లేదో చూసి, తర్వాత కారణం వెతికితే ఒక రోజు పడుతుంది, ఆ రోజుకి వెయ్యి రూపాయలు అడిగితే మనం పక్క షాపుకి పోతాం. డబ్బులిచ్చేది బూట్ అయినందుకు, కాబట్టి వాళ్ళు బూట్ చేసి ఇస్తారు. అందులో ఏముందో మనమే చెప్పకపోతే వాళ్ళకి అదొక ఇనప డబ్బా. ఈసారి మీరు వెళ్ళినప్పుడు "బాబూ, ఇది ఆన్ అవ్వకపోయినా పర్లేదు, ముందు ఫైళ్ళు తీసి నా డిస్కులో వెయ్యి, దానికి విడిగా ఇస్తా" అని చెప్పి చూడండి, వాళ్ళ మొహంలో తేడా కనపడుతుంది.

డిస్కే చచ్చిపోతున్నప్పుడు మాత్రం ఈ తీరుబడి పనికిరాదు. మా బావ లాప్‌టాప్ 1 టీబీ డిస్క్ టక్ టక్ అంటుంటే ఆయన నాలుగు రోజులు రోజుకి పదిసార్లు ఆన్ చేసి చూశాడు, పైగా నెట్‌లో చదివి విండోస్‌లో ఉండే చెక్ డిస్క్ పెట్టాడు. చెక్ డిస్క్ బాగుచేసేది ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఫైళ్ళ చిట్టాని, మన ఫైళ్ళని కాదు, లెక్క కుదరని ముక్కల్ని తెచ్చి ఫౌండ్ అని ఒక ఫోల్డర్లో పేరూ ఊరూ లేకుండా పడేసి నా పని అయిపోయింది అంటుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ చేత అన్ని గంటలు డిస్కంతా చదివించడమంటే జ్వరమొచ్చిన వాణ్ణి తిరుమల మెట్లెక్కించడం. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో 5, 197, 198 నంబర్ల దగ్గర సున్నా కాకుండా అంకెలు పెరుగుతూ కనపడితే ఇంక ఏ రిపేరూ వద్దు, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్కులోకి దించడమే. అది తెలివైనది, చదవగలిగినవి ముందు గబగబా తీసుకుని, మొండికేసిన చోట్లని ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుని, చివర్లో వాటి దగ్గరికి మళ్ళీ వస్తుంది, మధ్యలో కరెంటు పోయినా ఆ మ్యాప్ చూసి ఆగిన చోటు నుంచి మొదలుపెడుతుంది. టేబుల్ ఫ్యాను డిస్క్ వైపు తిప్పి మూడు రాత్రులు నడిపాం, కొన్ని వీడియోలు తప్ప అన్నీ వచ్చాయి. డిస్కులో చదివే తలలు తిరిగే పళ్ళెం మీద గీస్తున్న శబ్దం వస్తే అది కూడా వద్దు, ఆపేసి ల్యాబుకే, అది ఖర్చు బాగా ఎక్కువ, మనసు చంపుకోవాలి.

ఇంతవరకూ చెప్పిన విద్య అంతా, పెన్‌డ్రైవ్ పెట్టి ఫైళ్ళు లాగేయడం, డిస్క్ ఊడదీసి ఇంకో దానికి తగిలించడం, మెల్లగా పాతబడిపోతోంది. కారణం బిట్‌లాకర్, డిస్క్ మొత్తానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి చెడి ప్రపంచమంతా నీలం తెరలు వచ్చాయి గుర్తుందా, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల మెషీన్లు, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో దేశమంతా తిరిగింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఒక్క ఫైలు డిలీట్ చేస్తే సరిపోయేది. ఎవరి డేటాకీ ఏమీ కాలేదు. కానీ లోపలికి వెళ్ళాలంటే చాలా మెషీన్లకి 48 అంకెల రికవరీ కీ కావాలి, అది వెతుక్కోవడానికే కంపెనీలకి రోజులు పట్టింది. ఆఫీసుల సంగతి అది, ఇప్పుడు ఇళ్ళకీ వచ్చింది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే చాలా లాప్‌టాప్‌లు మనల్ని అడగకుండానే డిస్క్‌కి తాళం వేసేసుకుంటున్నాయి, 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ఇంకా ఎక్కువ. దొంగ ఎత్తుకుపోతే మంచిదే. కానీ బూట్ ఆగిన రోజు లైనక్స్ పెన్‌డ్రైవ్ పెడితే సీ డ్రైవ్ ఉంటుంది, తెరవదు.

మా పిన్ని కూతురికి అదే అయింది. బయోస్ అప్‌డేట్ తర్వాత నీలం తెర మీద కీ అడిగింది. నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది చూడవే అన్నాను. "నాకు మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేదన్నయ్యా." లేకుండా తాళం పడదు కదా, లాప్‌టాప్ ఎవరు సెటప్ చేశారు? కొన్న షాపులోనే. షాపుకి ఫోన్ చేస్తే అబ్బాయి ఏమాత్రం తడుముకోకుండా "హా, మా షాపు మెయిలే పెడతాం అన్నా, కస్టమర్లకి టైం వేస్ట్ అవ్వకుండా" అన్నాడు.

వెళ్ళి అతని పక్కన కూర్చుని ఆ అకౌంట్ తెరిపించాను. రికవరీ కీల పేజీలో ముప్ఫైకి పైనే ఉన్నాయి, అన్నింటి పేర్లూ డెస్క్‌టాప్ అనో లాప్‌టాప్ అనో మొదలై ఏవో అక్షరాలు, అంకెలు, ఏది ఎవరిదో దేవుడికి తెలియాలి. లాప్‌టాప్ తెర మీద కనపడే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు పట్టుకుని ఒక్కోటీ పోల్చుకుంటూ దిగితే పందొమ్మిదోది మాది. నేను ఆరేసి అంకెలు చదువుతుంటే చెల్లి కొట్టింది, ఎనిమిది గుంపులు, ఒకచోట 3కి బదులు 8 కొడితే వెంటనే తప్పంది, ప్రతి గుంపూ 11తో భాగించబడాలని లోపల ఒక లెక్క ఉంటుంది. తెరుచుకుంది. వాల్‌పేపర్ కనపడగానే చెల్లి ఏడ్చినంత పని చేసింది, ప్రాజెక్టు మొత్తం అందులోనే.

వచ్చేసే ముందు, మరి మిగతా ముప్ఫై మందికి వాళ్ళ తాళాలు నీ దగ్గరున్నాయని తెలుసా తమ్ముడూ అని అడిగాను. కౌంటర్ వెనక ఇంకో కొత్త లాప్‌టాప్ డబ్బా కోస్తున్నాడు, తల కూడా ఎత్తలేదు.

"ఎవరూ అడగలేదన్నా ఇంతవరకు. వచ్చినోళ్ళకి ఫార్మాట్ కొట్టి ఇచ్చేస్తున్నాం."